తిరిగి అడగని దుకాణం

చంద్రపూర్, బాబుపేట్
అక్టోబర్ 6

చిరంజీవి భానుశ్రీకి,

అమ్మవారు నిన్ను చల్లగా చూడాలి.

నాలుగు రోజులుగా నువ్వు ఫోన్ చేస్తున్నావు, నేను ఎత్తడం లేదు. కోపం కాదు. ఫోన్‌లో నా గొంతు విని నువ్వు నమ్మాలి, నీ గొంతు విని నేను నమ్మాలి. దసరా రోజుతో ఆ నమ్మకం పోయింది. నా చేతిరాత నీకు తెలుసు. నీ కోడిగీతలు నాకు తెలుసు. కొన్నాళ్ళు ఇట్లా రాసుకుందాం.

జరిగింది చెప్తాను. దసరా పొద్దున నేను మహాకాళి గుడిలో ఉన్నాను. ఫోన్ ఇంట్లోనే పెట్టి పోయాను. దుకాణం ఒంటిపూట. స్టాక్ చూసే రాయమల్లు ఒక్కడే ఉన్నాడు. పదీ పదికి దుకాణం ఫోన్ మోగింది. మాట్లాడింది నేను. అంటే, నా గొంతు. కంపెనీవాళ్ళు కంప్యూటర్‌లో ఏదో మారుస్తున్నారు, తెర మీద అడిగితే అవునని నొక్కు, ఫోన్‌కు ఒక నంబర్ వస్తుంది, అది నాకు చదువు అన్నదట. రాయమల్లు నొక్కాడు, చదివాడు.

గంటలో అన్నీ తాళం పడ్డాయి. ఏ మందు ఎంత ఉంది, ఏ బ్యాచ్, ఏ మెడికల్ షాప్‌కు ఎంత పోయింది, ఏదీ తెరుచుకోవడం లేదు. తెర మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. డబ్బు అడుగుతున్నారు. ఇవ్వను.

సాయంత్రం రాయమల్లు జమ్మి ఆకు ఇవ్వడానికి రాలేదు. నాన్న ఆయనను పనిలో పెట్టుకున్న ముప్పై నాలుగేళ్ళలో రాకపోవడం ఇదే మొదలు. మరునాడు పొద్దున పనికి మాత్రం వచ్చాడు. స్టోర్ దాటి బయటికి రావడం లేదు.

ఒక్కటి అడుగుతాను. రోజూ పొద్దున చదివే ప్రార్థన నేను ఫోన్‌లో నీకొక్కదానికే పంపుతాను. సభల్లో మాట్లాడేదాన్ని కాదు. నా గొంతు వాళ్ళకు ఎక్కడ దొరికింది?

అక్క


పుణె
అక్టోబర్ 11

పెద్దక్క కాళ్ళకు మొక్కి రాస్తున్న.

ఉత్తరమా అక్కా! పోస్టు డబ్బా ఎక్కడుందో వెతకడానికే నాకు అరగంట పట్టింది. వాచ్‌మన్‌ను అడిగితే, "మ్యాడమ్, కూరియర్ నకో కా?" అని, కూరియర్ వద్దా అని నవ్వుతుండు. నేను మరాఠీ బడిల చదివినదాన్ని. మందుల అట్టపెట్టెల వెనక నువ్వు దిద్దించిన అక్షరాలే నాకున్న తెలుగు. తప్పులుంటే నీదే పూచీ.

అక్కా, నా కొలువే ఇది. పొద్దంత కంపెనీలల్ల కూసొని గిదే చెప్త. ఒకప్పుడు దొంగ మెయిల్ వస్తే దాంట్ల భాష చూసి నవ్వేటోళ్ళం, ఇట్టే దొరికేది. ఇప్పుడు మనిషి లాగ రాసే యంత్రాలొచ్చినయ్. మరాఠీల రాయమంటే మరాఠీల, తెలుగుల రాయమంటే తెలుగుల, తప్పు లేకుంట రాస్తయ్. గొంతు కూడ అంతే. కొద్ది నిమిషాల మాట దొరికితే సాలు, మిగిలిన మాటలన్నీ అదే గొంతుల పుట్టిస్తయ్. పది వేల దుకాణాలకు ఒక్కటే రోజు ఫోన్ చేస్తయ్, అలుపు లేదు. గీ సంగతి ఊరందరికి చెప్పిన. మా ఇంట్ల ఒక్కరు వినలే.

మూడేండ్ల కింద నీకేం చెప్పిన? ఫోన్‌ల ఎవరేం చెప్పినా, నువ్వే చెప్పినా సరే, పెట్టేసి మళ్ళ మనమే ఫోన్ చేసి అడగాలె అని చెప్పిన. నువ్వేమన్నవ్? "మన దుకాణంలో పెద్దవాళ్ళు చెప్తే తిరిగి అడిగే అలవాటు లేదు. నాన్న పద్ధతి" అన్నవ్. అయిపోయింది. నాన్న పద్ధతి దొంగలకు దర్వాజ తీసింది.

కాపీలు దాసే నల్ల డబ్బా ఏమైంది? ఇంత పెద్ద అక్షరాలతోని రాసి గోడకు అంటించిన కదా, రోజూ సాయంత్రం కంప్యూటర్‌కు తగిలించాలె, కాపీ అయినంక పీకి బీరువల పెట్టాలె అని. తగిలించే ఉంచినవా? ఉంచితే అది కూడ పోయినట్టే. చెప్పు, నాకు నిద్ర పడుతలేదు.

గొంతు సంగతి పట్టుకొని కూసోకు. ఈ రోజుల్ల గొంతు ఎక్కడన్న దొరుకుతది. పెండ్లి వీడియోలు లేవా?

రాయమల్లును మాత్రం కంప్యూటర్ దగ్గరికి రానియ్యకు. ఫోన్‌కొచ్చిన నంబర్ ఎవరికీ చెప్పొద్దని రోజూ బ్యాంకోళ్ళు మెసేజ్ పెడుతరు. అది కూడ తెల్వని మనిషి మనకెందుకు?

భాను


చంద్రపూర్, బాబుపేట్
అక్టోబర్ 16

భానూ,

నల్ల డబ్బా దొరికింది. పోలేదు. దేవుని గూట్లో ఉంది.

నవరాత్రులు మొదలైన ఘటస్థాపన రోజు దానికి పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి ముందు ఉంచాను. అక్కడ పెట్టిన వస్తువును దసరా దాకా కదపకూడదు కదా. కత్తెర, తూకం రాళ్ళు, నాన్న పెన్ను, నీ డబ్బా, అన్నీ అక్కడే ఉన్నాయి. అంటే సెప్టెంబర్ ఇరవై ఒకటి దాకా ఉన్నది మనకు ఉంది. తర్వాతి పదకొండు రోజులది లేదు. ఆ పదకొండు రోజులు నేను నీ మాట వినలేదు. ఒప్పుకుంటున్నాను.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి వచ్చాను. ముందు కాగితం మీద రాయమన్నారు. రాశాక, ఇది ఆన్‌లైన్‌లో నింపాలి అన్నారు. కంప్యూటరే పోయిందని కదా వచ్చాను అంటే, "మొబైల్ వరూన్ కరా తాయీ" అన్నారు. మొబైల్‌లో నింపితే చివరికి ఒక నంబర్ వస్తుంది, అది చెప్పాలి అన్నారు. ఎవరికీ చెప్పకూడదని ఇప్పుడే నేర్చుకున్నాను అన్నాను. వాళ్ళకు నవ్వు రాలేదు.

రాయమల్లు సోమవారం నుంచి రావడం లేదు. ఆదివారం నువ్వు ఆయనకు ఫోన్ చేశావట. నాకు రాయలేదు. ఆయన భార్య పద్మ చెప్పింది. "చదువురానోని చేతుల దుకాణం పెడితే గిట్లనే అయితది" అన్నావట. ఆయన ఫోన్ పెట్టేసి, దుకాణం తాళాల గుత్తి గుడ్డలో మూటకట్టి పద్మ చేత పంపించాడు.

నువ్వు నడక నేర్చిన రోజుల్లో నిన్ను స్టోర్‌లో అట్టపెట్టెలో కూర్చోబెట్టి లాగింది ఆయనే. నీకు గుర్తుండదు.

గొంతు గురించి అడిగాను. పెండ్లి వీడియోల్లో నేను మాట్లాడను. నీకు తెలుసు.

అక్క


పుణె
అక్టోబర్ 24

పెద్దక్కకు,

దీపావళి మిఠాయి అందింది. తినబుద్ధి కాలే.

నల్ల డబ్బా కథ మా ఆఫీసుల చెప్పిన. అందరు కడుపు పట్టుకొని నవ్విన్రు. మా పెద్దసారు అయితే, "మీ అక్కను మన దగ్గర కొలువుల పెట్టిద్దామా?" అన్నడు. తీగ తెంపి, ఎవరు ముట్టని చోట కాపీ పెట్టాలని కంపెనీలకు చెప్పి చెప్పి మాకు నోరు నొప్పి పుడుతది. వాళ్ళు లక్షలు పోసి చేస్తరు, నువ్వు కుంకుమ పెట్టి చేసినవ్. నవ్వొస్తది, ఏడుపొస్తది. ఆ డబ్బా సందులల్ల కుంకుమ ఉంటది, మన కంప్యూటర్ చూసే శ్రేయస్‌ను మెత్తటి బ్రష్‌తోని దులపమను. ముందు కంప్యూటర్ మొత్తం తుడిచి మళ్ళ కొత్తగ ఎక్కించినంకనే డబ్బా తగిలించాలె. తొందరపడితే అది కూడ పోతది.

ఇప్పుడు అసలు సంగతి. మనకు మందులు పంపే కంపెనీవాళ్ళ లెటర్ నాకు కూడ వచ్చింది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళ జరగకుంట ఏం చేసిన్రు అని నవంబర్ ఇరవై లోపల రిపోర్ట్ ఇయ్యాలె. అందేదాకా ఫ్రిజ్ సరుకు పంపరు. ఇన్సులిన్ లేకుంటే మన దుకాణం ఏం దుకాణం అక్కా? జిల్లాల సగం మెడికల్స్ మన మీదనే ఉన్నయ్.

రిపోర్ట్ నేనే రాసిన. దీంతోనే పెట్టిన. "కారణం" అన్న చోట "ఉద్యోగి నిర్లక్ష్యం" అని రాసి రాయమల్లు పేరు రాసిన. "తీసుకున్న చర్య" అన్న చోట "ఉద్యోగం నుంచి తొలగింపు" అని రాసిన. గిట్ల రాస్తేనే కంపెనీలు ఊకుంటయ్. నాకు తెలుసు, రోజూ చూస్త. కింద సంతకం పెట్టి పంపు.

ఆయన్ను అన్నది తప్పే. కోపంల అన్న. గానీ తప్పు ఆయనది కాకుంట పోదు కదా.

భాను


చంద్రపూర్, బాబుపేట్
అక్టోబర్ 31

భానూ,

రిపోర్ట్ చదివాను. సంతకం పెట్టలేదు.

శ్రేయస్ నువ్వు చెప్పిన వరుసలోనే అన్నీ చేశాడు. పాత జాబితాలు తిరిగి వచ్చాయి. పోయిన పదకొండు రోజుల కోసం నేను మెడికల్స్ చుట్టూ తిరుగుతున్నాను. మనం ఇచ్చిన బిల్లులు వాళ్ళ దగ్గర ఉంటాయి కదా, వాటిని చూసి రాసుకుంటున్నాను. బల్లార్‌పూర్ అయింది, ఘుగ్గుస్ అయింది. మొన్న బస్సులో రాజురా పోయాను. అక్కడ మెడికల్ నడిపే గీతాంజలి నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"అక్కా, ఇన్సులిన్ ఎప్పుడొస్తది? పేషంట్లు నన్ను పీక్క తింటున్నరు. నాగ్‌పూర్ నుంచి తెప్పిస్తే దార్ల సల్లదనం పోతది."

"వస్తుంది. ఒక కాగితం మీద ఆగింది."

"కాగితమా? రాసి పారెయ్యున్రి మరి."

"రాసే ఉంది. సంతకమే కావాలి."

"సంతకానికి ఏమైంది, చేతికి దెబ్బ తగిలిందా?"

బిల్లులు రాసుకుని లేస్తుంటే తన ఫోన్ తీసి నాకు ఒకటి చూపించింది. అది తర్వాత.

రాయమల్లు దుర్గాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కొడుకుకు గనిలో పని కనుక కాలనీలో క్వార్టర్ ఉంది. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. ఈ కాగితం మీద నేను సంతకం పెడితే ఆయన ముప్పై నాలుగేళ్ళకు మిగిలేది అందులోని 'నిర్లక్ష్యం' అన్న ఒక్క మాట. కాలనీలో కూడా అదే పాకుతుంది.

తిరిగి అడగొద్దని నేర్పింది మనం. అడగలేదని తీసేసేది కూడా మనమేనా?

నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

అక్క


పుణె
నవంబర్ 6

పెద్దక్కా,

ఒక్క సంతకం! ఎంత పొద్దు పడుతది అక్కా? నీకు జాలి ఉండొచ్చు, నాకు కూడ ఉన్నది. గానీ ఇన్సులిన్ కోసం గీతాంజలి దుకాణం ముంగట నిలబడ్డోళ్ళ మీద జాలి లేదా? వాళ్ళకెందుకు శిక్ష? ఇరవై దాటితే ఏజెన్సీ వేరేటోళ్ళకు ఇస్తరు. అప్పుడు రాయమల్లు ఒక్కడే కాదు, పనిచేసే ఆరుగురు ఇంట్ల కూసుంటరు. నాన్న పెట్టిన బోర్డు దించుకుందాం. నీకిదే కావాల్నా?

నీకు ఎట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు. బయటోళ్ళు డబ్బులిచ్చి నా మాట వింటరు. నువ్వు ఉత్తగ చెప్తే వినవ్. నా చిన్నప్పటి నుంచి అంతే. నువ్వు రెండు మాటలు అంటవ్, ఇగ దాని మీద మాట లేదు.

దుకాణం ఫోన్‌ల ప్రతి కాల్ రికార్డ్ అయితదని శ్రేయస్ చెప్పిండు. దసరా నాటి కాల్ పంపిండు. విన్న. నాలుగు నిమిషాలు. అచ్చం నువ్వే. నా రోమాలు నిక్కబొడుచుకున్నయ్. గానీ నాలుగు నిమిషాలక్కా! నువ్వు జన్మల ఎప్పుడన్న ఫోన్‌ల నాలుగు నిమిషాలు మాట్లాడినవా? ముప్పై నాలుగేండ్ల సంది నిన్ను చూసిన మనిషికి గంత అనుమానం రాలేదా? అందుకే అంటున్న నిర్లక్ష్యమని. ఆఖరుకు ఆ గొంతు ఇంకో మాట అంటది, అది విన్నప్పుడు నాకు

సరే, వదిలెయ్. సంతకం పెట్టు.

భాను


చంద్రపూర్, బాబుపేట్
నవంబర్ 10

భానూ,

సంతకం పెట్టను.

నీ ఉత్తరంలో ఒక వాక్యం మధ్యలో ఆగింది. దాని కింద రెండు వరుసలు కొట్టేశావు. కాగితం వెనక వేలు పెట్టి తడిమితే అక్షరాలు తగులుతున్నాయి. నువ్వు పెన్ను గట్టిగా ఒత్తి రాస్తావు, చిన్నప్పటి నుంచి అంతే. ఫోన్‌లో అయితే మింగేసేదానివి.

రికార్డింగ్ నేను కూడా విన్నాను.

రోజూ నీ పేరు మీద దీపం పెడుతున్నాను. నీకు చెప్పాల్సింది ఉంటే చెప్పు.

అక్క


పుణె
నవంబర్ 14

అక్కా,

మూడు కాగితాలు చింపిన. ఇది నాలుగోది.

ఆ గొంతు ఆఖరుకు "అందరూ చల్లగుండాలి, ఇల్లూ వాకిలీ చల్లగుండాలి" అంటది. నువ్వు రోజూ ప్రార్థన అయినంక అనే మాట. ఆ మాట నీ నోట్ల తప్ప ఎక్కడ ఉండదు. నువ్వు పంపిన ప్రార్థనల్ల తప్ప.

రెండేండ్ల కింద నీ పుట్టినరోజుకు నీకేం కొనాల్నో తెలియలే. ఏది ఇచ్చినా బీరువల పెడుతవ్. అందుకని నువ్వు పంపిన ప్రార్థనలన్నీ యూట్యూబ్‌ల ఒక చానెల్ చేసి పెట్టిన. నీకు చెప్తే తీసెయ్యమంటవని చెప్పలే. తర్వాత రోజూ ఒకటి ఎక్కించుడు అలవాటైంది. పొద్దున టీ తాగుకుంట నీ గొంతు వింటూ ఎక్కిస్త. పుణెల నాకు ఇల్లు అంటే అదే అక్కా. నాలుగు వందల మంది వింటరు. నాలుగు వందల ఒకటోవాడు దొంగ అయితడని ఊళ్ళందరికి చెప్పే నాకు తట్టలే.

ఇంకా ఉన్నది. చానెల్ కింద దుకాణం పేరు, దుకాణం ఫోన్ నంబర్ రాసిన. మన దుకాణానికి కూడ పేరొస్తదని. నిరుడు దసరాకు వచ్చినప్పుడు స్టోర్‌ల ఆయుధపూజ వీడియో తీసిన కదా. దాంట్ల నేనే అంటున్న, "ఇగో, మా రాయమల్లు. ముప్పై మూడేండ్ల సంది స్టోర్ అంత ఈయన చేతులనే. మా అక్క మాట అంటే ఈయనకు వేదం" అని. అది కూడ పెట్టిన. దొంగోనికి ఇంక ఏం కావాలె? గొంతు ఇచ్చిన, నంబర్ ఇచ్చిన, ఎవరికి చేయాల్నో, చేస్తే ఎందుకు వింటడో, అన్నీ నేనే చెప్పిన.

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు తెలుసు. నువ్వు అడిగితే పెండ్లి వీడియో అన్న, తర్వాత మాట దాటేసిన. ఆయన పేరు కాగితం మీద ఎక్కితే నా పేరు ఎక్కదని రాసిన. బయట ఎవరన్న గిట్ల చేస్తే నేను వాళ్ళకు గడ్డి పెట్టేదాన్ని.

చానెల్ తీసేసిన. తీసేసినా దొంగోని దగ్గర ఉన్నది ఉంటది. అందుకే ఇంక మన గొంతు మన గుర్తు కాదు అని అనుకోవాలె.

రిపోర్ట్ మళ్ళ రాసిన. చదువు. ఈసారి కారణం కింద నా పేరున్నది, ఇంకోటి కూడ రాసిన: "ఈ సంస్థలో పై వారిని తిరిగి అడిగే పద్ధతి లేదు." నచ్చకుంటే అది కొట్టెయ్యి, నా పేరు కొట్టెయ్యకు.

రాయమల్లుకు ఏ మొఖం పెట్టుకొని ఫోన్ చెయ్యాలె?

నీ భాను


చంద్రపూర్, బాబుపేట్
నవంబర్ 23

చిరంజీవి భానుశ్రీకి,

నీ ఉత్తరం పదిహేడున అందింది. సంతకం పెట్టి ఆ రోజే శ్రేయస్ చేత కంపెనీకి పంపించాను. ఏమీ కొట్టెయ్యలేదు. వాళ్ళు ఒప్పుకున్నారు. వచ్చే నెల నుంచి ఫ్రిజ్ సరుకు పంపుతారట, మనిషిని పంపి పద్ధతులు చూసుకుంటారట.

చానెల్ సంగతి నాకు తెలుసు. రాజురాలో గీతాంజలి చూపించింది అదే. "రోజూ మీ ప్రార్థన వినే గల్లా తెరుస్త అక్కా" అన్నది. నువ్వు చెప్తావని ఆగాను. కోపం వచ్చింది. అయితే గీతాంజలి ఆ మాట అన్నప్పుడు సంతోషం కూడా అయింది. దేవుని దగ్గర అబద్ధం చెప్పలేను.

నేను కూడా నీకు ఒకటి దాచాను.

అంతసేపు మాట్లాడితే అనుమానం రాలేదా అని అడిగావు కదా. దసరా మరునాడే నేను రాయమల్లును అడిగాను. తల వంచుకునే అన్నాడు.

"అక్కా, గా ఫోన్ల మీరు నన్ను రాయమల్లు గారూ అన్నరు. భోజనం అయిందా అన్నరు. ఆరోగ్యం బాగుందా అన్నరు. ముప్పై నాలుగేండ్లల్ల గా మాట మీ నోట ఎప్పుడు రాలే. వేరే తీరుగనే అనిపించింది. గానీ దసరా కదా. పండుగ పూట అక్క మనసు మెత్తబడ్డదనుకున్న. గంత మంచిగ మాట్లాడుతుంటే, నువ్వు ఎవరు అని ఎట్ల అడుగుత?"

భానూ, దొంగ నా గొంతుతో నేను అడగాల్సింది అడిగాడు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఏడు వారాలు పట్టింది. రోజూ అందరూ చల్లగుండాలి అంటాను. ఆ అందరిలో ఎదురుగా నిలబడ్డ మనిషిని ఒక్కరోజు తిన్నావా అని అడగలేదు. ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ప్రతి దసరాకు ఆయనే వచ్చి నా చేతిలో జమ్మి పెట్టేవాడు. పెద్దవాళ్ళకు చిన్నవాళ్ళు పెట్టాలి కదా. యజమానినని నేనే పెద్దను అనుకున్నాను.

నిన్న ఆటోలో దుర్గాపూర్ పోయాను. దేవుని గూట్లో మిగిలిన జమ్మి ఆకులు తీసుకుపోయాను. ఎండిపోయి ఉన్నాయి. పద్మ తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు. "ఇంకేం మిగిలిందమ్మా, తాళాలు పంపిచ్చినం కదా" అన్నది. ఆమె అన్నది న్యాయమే. గడపలోనే నిలబడ్డాను.

రాయమల్లు బనీను మీద తువ్వాల కప్పుకుని వచ్చాడు. నేను ఆకులు ఆయన చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కాను.

"అయ్యో, ఏందక్కా గిది!" అని రెండు అడుగులు వెనకకు పోయాడు.

"దసరాకు పెట్టలేదు అన్నా. ఆలస్యమైంది" అన్నాను.

ఆయన ఆకులు చూసుకుంటూ నిలబడ్డాడు. నీ కొత్త కాగితం నకలు ఆయనకు చదివి వినిపించాను. నీ పేరు వచ్చిన చోట ఆపమన్నాడు. "చిన్నమ్మ పేరెందుకు రాసిన్రు? కొలువుకు ఏమన్న అయితదేమో" అన్నాడు. తర్వాత, "చదువుకున్నోళ్ళు గూడ మోసపోతరన్నమాట" అన్నాడు. కొంచెం నవ్వాడు. ఆ మాట నీకు రాయమని చెప్పలేదు, నేనే రాస్తున్నాను.

పనికి రమ్మంటే మాత్రం ఊ అనలేదు. తిరిగి అడగాలి అన్న పద్ధతి ఆయనకు ఎక్కడం లేదు. "మిమ్ములను ఎవరు మీరు అని అడుగుడా? నా నోరు పడిపోదా?" అన్నాడు. అడగకపోతే నాకు నష్టం అన్నా అన్నాను. ఆలోచిస్తానన్నాడు. పద్మ అప్పుడు చాయ్ తెచ్చింది.

నువ్వు ఫోన్ చెయ్యి. ముఖం గురించి ఆలోచించకు, ఫోన్‌లో కనపడదు.

అక్క


పుణె
డిసెంబర్ 2

పెద్దక్క కాళ్ళకు మొక్కి,

చేసిన. ఎత్తిండు. "నేను భానును" అంటే, "నువ్వు భానువని నాకేం గుర్తు?" అన్నడు. ఖతం. అట్టపెట్టెల కూసోబెట్టి లాగినవట కదా అన్న. "గది మీ అక్క కూడ చెప్పొచ్చు, దొంగోడు కూడ వినొచ్చు. ఆ పెట్టె మీద ఏం బొమ్మ ఉండె?" అన్నడు. నాకు తెల్వదు కదా, రెండేండ్ల పిల్లను! తెల్వదన్న. "తెల్వదన్నవు గాబట్టి నువ్వే. దొంగోడైతే ఏదో ఒకటి చెప్పేటోడు" అన్నడు. మా ఆఫీసుల ఎవ్వరికి ఈ తెలివి లేదు అక్కా.

క్షమించమన్న. తర్వాత ఆయన, నువ్వు తను ఇద్దరే ఎరిగిన గుర్తు మాట ఒకటి పెట్టుకోవచ్చునా అని అడిగిండు. పెట్టుకోవాలె, కాగితం మీద రాయొద్దు, నాకు కూడ చెప్పొద్దు అన్న. ఇంకోటి అడిగిండు: "అడిగితే అక్కకు కోపం రాదా?" వస్తది, రానియ్ అన్న.

ఆయన వస్తడు అనుకుంటున్న. నాకు నమ్మకం లేదు, ఆశ ఉన్నది.

భాను


చంద్రపూర్, బాబుపేట్
జనవరి 9

చిరంజీవి భానుశ్రీకి,

కంటి డాక్టరు చదవొద్దన్నాడు, రాయొద్దనలేదు. అందుకే ఈ ఉత్తరం.

రాయమల్లన్న పోయిన నెల పద్దెనిమిదో తేదీ నుంచి వస్తున్నాడు. వచ్చిన రోజు మొదట గోడ మీద నువ్వు అంటించిన కాగితం పక్కన ఇంకో కాగితం అంటించమని శ్రేయస్‌కు చెప్పాడు. "అక్క చెప్పినా తిరిగి అడగవలెను." పెద్ద అక్షరాలు. వచ్చినవాళ్ళంతా దాన్ని చదివి నా ముఖం చూస్తున్నారు. అలవాటు కావడానికి పది రోజులు పట్టింది. పూర్తిగా అయిందని చెప్పను.

మొన్న కళ్ళు చూపించుకోవడానికి నాగ్‌పూర్ పోయాను. నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఫ్రిజ్ సరుకు లారీ ఒకరోజు ముందే దుకాణానికి వస్తున్నదని అంతకుముందే మెసేజ్ చూశాను. స్టోర్ వెనక చల్ల గది తలుపు నంబర్ నొక్కితేనే తెరుచుకునేట్టు కంపెనీవాళ్ళు పెట్టించారు. ఆ రోజు ఆ నంబర్ నా ఒక్కదాని దగ్గరే ఉంది. ఆసుపత్రి కౌంటర్ ఫోన్ అడిగి తీసుకుని దుకాణానికి చేశాను. కళ్ళలో మందు వేశారు, ఏమీ కనపడటం లేదు. వెనక పది మంది వరుస.

"ఎవరు?"

"నేను, రాయమల్లన్నా."

"నేనంటె ఎవరు?"

"పుష్పలతను. లారీ వస్తుంది. నంబర్ రాసుకో."

"ఆగున్రి. గిది మీ నంబర్ కాదు. పెట్టేస్త. మీ ఫోన్‌కు నేనే చేస్త."

"నా ఫోన్ ఆగిపోయింది."

"దొంగోడు గూడ వేరే ఫోన్ నుంచే చేసిండు. గొంతు మాత్రం అక్కదే ఉన్నది. గొంతుదేమున్నది."

నాకు కోపం వచ్చింది, భానూ. వెనకాయన తొందరపెడుతూ, "తాయీ, లౌకర్" అంటున్నాడు. ముప్పై నాలుగేళ్ళలో నన్ను ఎవరూ ఇట్లా నిలబెట్టలేదు. గట్టిగా ఏదో అనబోయాను. అమ్మవారిని తలుచుకుని, ఏం అనాలో తెలియక, "తిన్నావా అన్నా?" అన్నాను.

"గా మాట దొంగోడు గూడ అడిగిండక్కా" అన్నాడు. మెల్లగా అన్నాడు. "గుర్తు మాట చెప్పున్రి."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాను. అది ఏమిటో నీకు రాయను.

"ఆ. ఇప్పుడు మీరే. తిన్న అక్కా, వంకాయ కూర" అన్నాడు. నంబర్ రాసుకున్నాడు, రెండుసార్లు తిరిగి చదివాడు. ఫోన్ పెట్టేయబోతుంటే ఆపి అడిగాడు.

"మీరు తిన్నరా?"

నన్ను ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. వరుసలో వాళ్ళు వింటున్నా సరే, తినలేదని చెప్పాను.

అక్క